అమరావతి దీపాలదిన్నె దగ్గర అమ్మమ్మ దీపం ఎందుకు పెట్టేది? మన ఇళ్ళల్లో బౌద్ధం ఇంకా ఏమైనా మిగిలుందా?

సత్తెనపల్లి_శిరీష · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఇవాళ కార్తీక సోమవారం కదా, అమరావతి వెళ్ళాం, నేనూ మా ఆయనా పిల్లాడూ. తెల్లారుజామునే కృష్ణలో మూడు మునకలేసి, చలికి పళ్ళు కొట్టుకుంటూ అమరేశ్వరుడి దగ్గర రెండు గంటలు క్యూలో నించున్నాం. లింగం ఎత్తు తెలిసిందేగా, పూజారి గారు పై అంతస్తుకెక్కి అక్కణ్ణుంచి అభిషేకం చేస్తారు, మావాడికి అది భలే వింత. బయటికొచ్చాక వాడు స్కూల్లో మహాచైత్యం, అంటే ఇక్కడి పాత బౌద్ధ స్తూపం, గురించి చెప్పారు చూద్దాం చూద్దాం అని ఒకటే గోల. సరే అని నడిచాం, ఎంతో దూరం కాదు. గుళ్ళో కాలు పెట్టడానికి సందు లేదు, ఇక్కడ చూస్తే మేం ముగ్గురం, ఒక కుక్క, గడ్డి కోసుకునే ఆవిడా, అంతే.

అక్కడ నించున్నాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కార్తీకంలో తీసుకొచ్చేది. గుళ్ళో దీపాలు పెట్టాక ఒక ప్రమిద మాత్రం మిగిల్చి కొంగు అడ్డం పెట్టుకుని ఇక్కడిదాకా నడిచొచ్చి, ఇటుకల వార దించి, దణ్ణం పెట్టుకుని వెళ్ళేది. స్తూపం అని గానీ బుద్ధుడు అని గానీ ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. "దీపాలదిన్నె" అనేది, అంతే. ఇప్పుడు ఆవిడ లేదు అడుగుదామంటే.

ఇది ఆ ఊళ్ళో అందరి అలవాటా లేక మా అమ్మమ్మ ఒక్కదాని అలవాటా? పేరులోనే దీపాలు ఉన్నాయి కాబట్టి ఎప్పుడో బౌద్ధులు పెట్టిన దీపాలే ఇలా మిగిలిపోయాయా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

గుంటూరు_గోంగూర · సోమవారం రాత్రి 9:58

కుక్క కూడా బౌద్ధమేనా అక్కా 😄 సరదాకి అన్నా. మంచి టాపిక్, నేను ఇక్కడే కూర్చుంటున్నా, టీ తెచ్చుకుని.

---

రాళ్ళ_రామచిలక · సోమవారం రాత్రి 10:31

శిరీష గారూ, దీపాలదిన్నె అనేది పాత పేరే. అసలు అక్కడ స్తూపం ఉందని ఊళ్ళో ఎవరికీ పట్టని రోజుల్లో కూడా ఆ మట్టి దిబ్బని అలాగే పిలిచేవాళ్ళు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త ఊరు కట్టించేటప్పుడు ఇటుకల కోసం, రాళ్ళ కోసం దాన్ని తవ్వించారు, అప్పుడే చెక్కిన పాలరాళ్ళు బయటపడ్డాయి. ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు, మళ్ళీ 1816లో మనుషుల్ని తెచ్చుకుని బొమ్మలు గీయించుకున్నాడు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించిన పలకలు మద్రాసు చేరి, అక్కణ్ణుంచి చాలావరకు లండన్ వెళ్ళిపోయాయి. మిగతావి ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. మీరు ఇవాళ చూసిన గుండ్రటి కట్టు ఆ దోపిడీ అంతా అయ్యాక మిగిలింది.

పేరు పాతది అన్నంత మాత్రాన అక్కడ బౌద్ధుల దీపం ఆరకుండా మీ అమ్మమ్మ గారి దాకా వచ్చిందని మాత్రం నేను చెప్పను. మధ్యలో కొన్ని వందల ఏళ్ళ ఖాళీ ఉంది.

---

బెజవాడ_బుల్లెట్ · సోమవారం రాత్రి 10:44

ఇందులో డౌటేముంది అసలు. అమరేశ్వర లింగమే బౌద్ధ స్తంభం. అంత పొడుగు తెల్లరాయి లింగం ఎక్కడైనా ఉందా? పంచారామాలు అంటేనే ఆరామాలు, ఆరామం అంటే బౌద్ధ భిక్షువులు ఉండే చోటు. మన గుళ్ళన్నీ అంతే, గీకితే కింద బుద్ధుడే. లింగం పెరుగుతోందని పైన మేకు కొట్టారని కథ కూడా అల్లారు.

---

రాళ్ళ_రామచిలక · సోమవారం రాత్రి 11:05

> గీకితే కింద బుద్ధుడే

తమ్ముడూ, నెమ్మది. అమరేశ్వర లింగం స్తూపానికి చెందిన స్తంభం అయ్యుండొచ్చని అనుమానించిన చరిత్రకారులు ఉన్నారు, అది ఊరికే కొట్టిపారేసే మాట కాదు, రాయి చూసినా ఎత్తు చూసినా అనుమానం వస్తుంది. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. ఆరామం అంటే తోట అని కూడా అర్థం ఉంది. ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ళు చాళుక్య భీముడి కాలం నాటివి, అక్కడి లింగాలు కూడా రెండంతస్తులే, మరి అవన్నీ స్తూపం స్తంభాలే అంటావా?

ఇంకోటి. గజపృష్ఠం, అంటే వెనక ఏనుగు వీపులా గుండ్రంగా ఉండే గుడి, కనపడగానే అది బౌద్ధ చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం అనేస్తారు. నరసరావుపేట దగ్గర చేజర్ల కపోతేశ్వరాలయం అలాంటిదే, దాని ముందు భాగం, పైకప్పు చూస్తే చైత్యగృహం అనే అనిపిస్తుంది, పైగా స్థలపురాణం శిబి చక్రవర్తి పావురం కథ, అది జాతక కథల్లోనూ ఉంది మహాభారతంలోనూ ఉంది. అక్కడ లింగం మీద గుంటలుంటాయి, శిబి ఒంటి మాంసం కోసిచ్చిన గుర్తులు అంటారు. నాకైతే చేజర్ల విషయంలో బౌద్ధం వైపే మొగ్గు. కానీ ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో తవ్వితే శివుడి గుడి కిందే గజపృష్ఠం ఇటుక కట్టడం బయటపడింది, లింగం క్రీస్తు పూర్వానిది. అంటే ఆ కాలంలో మేస్త్రీలు కట్టే పద్ధతే అది, ఇంట్లో ఎవర్ని పెట్టుకున్నా.

---

అనకాపల్లి_బెల్లం · మంగళవారం ఉదయం 6:50

నాను మా ఊరి సంగతి సెప్తాను. మాది శంకరం పక్కూరు, అనకాపల్లి దగ్గిర. ఆ శంకరం పేరే సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల మఠం, నుంచి వచ్చిందంటారు పెద్దలు, సదువుకున్నోళ్ళు. బొజ్జన్నకొండ అంటే బుద్ధన్న కొండ. పక్కనే లింగాలకొండ, అక్కడ బండనే తొలిచి వరసగా సిన్న సిన్న స్తూపాలు సెక్కినారు, చూస్తే అచ్చం శివలింగాల్లాగే ఉంటాయి, అందుకే ఆ పేరు.

ఇప్పుడు అసలు కత. కనుమ నాడు బొజ్జన్నకొండ తీర్థం. మాకు సంక్రాంతి కంటే అదే పెద్దది. ఎడ్లబళ్ళు కట్టుకుని సుట్టుపక్కలూళ్ళన్నీ వచ్చేవి. నాకు ఆరేడేళ్ళప్పుడు మా మావయ్య నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళి సేతిలో గులకరాళ్ళు పెట్టి "కొట్రా కొట్రా, రాకాసి పొట్ట మీద కొట్టు" అన్నాడు. అక్కడ పొట్టలా ఉబ్బెత్తుగా ఒక రాయి ఉంటాది, అది రాచ్చసుడని అందరూ రాళ్ళేసేవోళ్ళు. నేనూ ఏసినాను. నాది తగల్లేదు, ముందున్న ఆవిడ జడకి తగిలింది, మా మావయ్య తిట్లు తిన్నాడు. తరవాత జీడీలు, సెరుగ్గడలు కొనుక్కుని ఇంటికి.

పదో తరగతిలో మాస్టారు సెప్పినాక గానీ తెలీలేదు నాకు, కొండ పేరులో ఉన్నోడికే కొండ మీద రాళ్ళు ఏస్తున్నామని. ఇప్పుడు లేదులెండి, వారసత్వ కట్టడాలు కాపాడే సంఘాలోళ్ళు, బౌద్ధ సంఘాలోళ్ళు పడీ పడీ సెప్పి మాన్పించినారు. కనుమకి ఇప్పుడు బౌద్ధ మేళా పెడతన్నారు. రాళ్ళేసిన సేత్తోనే మా మావయ్య కిందటేడు కొవ్వొత్తి ఎలిగించినాడు, అలగే నవ్వుతా.

---

గుంటూరు_గోంగూర · మంగళవారం ఉదయం 7:15

బెల్లం అన్నా ఆ జడ ఆవిడకి క్షమాపణ చెప్పారా లేదా

---

అనకాపల్లి_బెల్లం · మంగళవారం ఉదయం 7:22

ఆవిడే ఇప్పుడు మా అత్త. అదో పెద్ద కత, ఇక్కడొద్దు.

---

ఖమ్మం_మిర్చి · మంగళవారం మధ్యాహ్నం 1:10

మా దిక్కు కూడా గిట్లనే ఉంటది. నేలకొండపల్లి తెలుసు కదా, భక్త రామదాసు పుట్టిన ఊరు. ఆడ పెద్ద ఇటుక స్తూపం ఉంది. చిన్నప్పుడు మా తాత చెప్పింది ఏందంటే ఇది విరాటరాజు ఏలిన జాగ, పాండవులు అజ్ఞాతవాసం ఈడనే చేసిన్రు, కీచకుణ్ణి భీముడు చంపి ఈడనే పడేసిండు. మాకు బుద్ధుడు తెల్వదు, భీముడు తెలుసు. పొలం దున్నేటప్పుడు పాత ఇటుక పెంకలు దొరికితే "విరాటరాజు ఇల్లు పెంక" అని దాసిపెట్టుకునేటోళ్ళం. ఒక్కో ఇటుక మూరెడు ఉంటది, ఇప్పటి ఇటుకలు దాని ముంగట అగ్గిపెట్టెలే.

మా దొడ్లో నీళ్ళ కుండ కింద ఒకటి ఉండె చాలా రోజులు. తప్పే, కానీ నిజం చెప్తున్న.

---

రాళ్ళ_రామచిలక · మంగళవారం మధ్యాహ్నం 2:02

మిర్చి గారూ, మీరు చెప్పినదే అసలు సంగతి. ఊరి జనానికి ఒక పెద్ద పాత కట్టడం కనపడితే తమకు తెలిసిన కథలో దానికో చోటిస్తారు. గుహ అయితే పాండవులది, దిబ్బ అయితే ఏదో రాజుదో రాకాసిదో, ఎత్తుగా గుండ్రంగా నున్నగా ఉంటే శివుడు. ఏలూరు జిల్లా జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహల్లో గుండ్రటి చైత్యం లోపల రాతి స్తూపం ఉంది, ధర్మలింగేశ్వరుడని పూజలు చేశారు దానికి. ఆ పేరు చూడండి, ధర్మ, లింగ, ఈశ్వర. ఎవరు పెట్టారో గానీ అన్నీ కలిపి కుట్టారు.

ఇలా పూజలు జరగబట్టి కొన్ని నిలిచాయి కూడా. అమరావతి స్తూపానికి ఎవరూ దేవుడి పేరు పెట్టలేదు, దిబ్బలా మిగిలింది, ఇటుకలకి పోయింది. శివుడి పేరు పెట్టిన స్తూపం మీద గడ్డపార వెయ్యడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది కదా.

---

నీలిరంగు_నోట్‌బుక్ · మంగళవారం సాయంత్రం 6:37

ఇందాకటి నుంచి చదువుతున్నా. అందరూ బౌద్ధం అంటే దిబ్బలూ ఇటుకలూ అన్నట్టే రాస్తున్నారు, ఎప్పుడో పోయిన వస్తువులాగా. మా ఇంట్లో బుద్ధుడు గోడ మీద బతికే ఉన్నాడండీ, పక్కన బాబాసాహెబ్.

మా నాన్నగారు టీచర్. పల్నాడులోనే పుట్టి పెరిగాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్లో అంబేద్కర్ దీక్ష తీసుకున్నప్పుడు మా నాన్న ఇంకా పుట్టలేదు, తర్వాత కాలేజీ రోజుల్లో చదివి మారారు. మా అక్క పెళ్ళి ముహూర్తం లేకుండా ఆదివారం పగలు పదకొండింటికి జరిగింది, తెల్లబట్టలు, బుద్ధవందన, పంచశీల చదివి దండలు మార్చుకున్నారు, అరగంటలో అయిపోయింది. మా పెదనాన్న అయితే "ఇంత తొందరగా అయిపోతే భోజనాలు ఇంకా ఉడకలేదు కదరా" అని లబోదిబోమన్నాడు. నిజంగానే సాంబారు పన్నెండున్నరకి వచ్చింది.

బుద్ధపూర్ణిమకి మా అమ్మ పాయసం చేస్తుంది, సుజాత పెట్టిన పాయసం అని. మళ్ళీ అదే అమ్మ ఊళ్ళో పోలేరమ్మ కొలుపులకి వేపాకూ పసుపునీళ్ళూ పట్టుకుని వెళ్తుంది. నాన్న ఏమీ అనడు. ఒకసారి నేనే అడిగితే "మీ అమ్మకి పోలేరమ్మ దేవత కాదురా, పుట్టింటి మనిషి" అన్నాడు.

---

పూణె_పంతులు · మంగళవారం రాత్రి 8:20

నోట్‌బుక్ గారు, చాలా బాగా రాశారు. నాదొక చిన్న మాట. నేను పౌరోహిత్యం చేస్తాను, పన్నెండేళ్ళుగా పూణెలో ఉన్నాను. మన దగ్గర సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పుకుంటాం కదా. ఇక్కడి మరాఠీ పురోహితులు సంకల్పంలో "బౌద్ధావతారే" అని కూడా అంటారు, అంటే ఇప్పుడు నడుస్తున్నది బుద్ధావతార కాలం అని. మొదటిసారి విన్నప్పుడు నేను తప్పు విన్నానేమో అనుకున్నా. సత్యనారాయణ వ్రతం చేయించుకునే గృహస్థుడికి తను బుద్ధుడి పేరు తలిచాననే తెలియదు.

ఇంకొకటి, పాత రోజుల్లో పిల్లలకి మొదట వల్లె వేయించేది అమరకోశం, అమరసింహుడు శ్లోకాల్లో రాసిన సంస్కృత నిఘంటువు. అమరసింహుడు బౌద్ధుడని పెద్దలు చెప్పేవారు. మంగళశ్లోకంలో ఏ దేవుడి పేరూ ఉండదు. దేవతల పేర్లు మొదలుపెట్టి, బ్రహ్మ విష్ణువుల కంటే ముందు బుద్ధుడి పేర్లు చెబుతాడు, సర్వజ్ఞః సుగతో బుద్ధో అని. వందల ఏళ్ళు అగ్రహారాల్లో జంధ్యాలేసుకున్న పిల్లలు అరుగు మీద కూర్చుని ఊగుతూ గట్టిగా అరిచి చదివింది అదే. మా తాతగారు నాకు చెప్పింది కూడా అదే, తప్పు చదివితే తొడపాశం.

---

బెజవాడ_బుల్లెట్ · మంగళవారం రాత్రి 8:41

ఆ వరసలోనే బుద్ధుడి పేరు వినాయకుడు అని ఉంది చూడండి. నేను చెప్పలా. వినాయక చవితి ఎవరిదో ఇప్పుడు తేలిందిగా

---

పూణె_పంతులు · మంగళవారం రాత్రి 9:03

నాయనా, ఉంది, "అద్వయవాదీ వినాయకః" అనే ఉంది. కొంచెం కిందికి చదివితే గణపతికి కూడా వినాయకో విఘ్నరాజ అని అదే అమరసింహుడు రాశాడు. ఒక్క పేరు ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకరే అయిపోరు. మా వీధిలో నలుగురు వెంకటేశ్వర్లు ఉన్నారు, కరెంటు బిల్లు ఎవరిది వాళ్ళే కట్టుకుంటారు.

---

గుంటూరు_గోంగూర · మంగళవారం రాత్రి 9:05

😂😂 పంతులుగారు సిక్సర్

---

నీలిరంగు_నోట్‌బుక్ · మంగళవారం రాత్రి 9:48

పంతులుగారూ, మీరు మంచి మనసుతో చెప్పారని తెలుసు, కానీ ఆ బౌద్ధావతారం మాట దగ్గర మాకు నొప్పి ఉంది. నాగపూర్లో అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి సరిగ్గా ఇదే, బుద్ధుడు విష్ణువు అవతారం అనేదాన్ని నమ్మను అని. ఎందుకంటే మీరు బుద్ధుణ్ణి తొమ్మిదో అవతారం అని ఫొటోలో ఒక మూల కూర్చోబెట్టేస్తే ఆయన చెప్పిన మాట వినాల్సిన పని ఉండదు, హారతి ఇస్తే సరిపోతుంది. కలుపుకోవడం అని అందరూ ముచ్చటగా అంటారు. కలుపుకునేవాడికి ముచ్చటే, కలిసిపోయేవాడి పేరు పోతుంది.

కోపంతో కాదు, ఇలా కూడా చూడాలని.

---

పూణె_పంతులు · మంగళవారం రాత్రి 10:15

కాదనను. నేను వింత విషయం అని చెప్పాను, మీకది వేరేలా తగులుతుందని ఆలోచించలేదు. ఇకమీద చెప్పేటప్పుడు ఈ మాట కూడా కలిపి చెబుతాను.

---

వేదిక_మోడరేటర్ · మంగళవారం రాత్రి 11:30

తిరుమల గురించి పెట్టిన మూడు పోస్టులు, వాటికొచ్చిన బూతులు తీసేశాను. ఆ గొడవకి ఇప్పటికే మన దగ్గర రెండు దారాలు ఉన్నాయి, రెండూ తాళం వేసే ఉన్నాయి. దయచేసి శిరీష గారి ప్రశ్న చుట్టూనే ఉండండి.

---

రాళ్ళ_రామచిలక · బుధవారం ఉదయం 10:12

నోట్‌బుక్ గారి మాట నిజమే, కానీ ఈ కలగాపులగం ఇప్పుడు మొదలైంది కాదు అని చెప్పడానికి నాగార్జునకొండ సంగతి ఒకటి రాస్తా, కాస్త పెద్దది.

ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, సుమారు క్రీ.శ. 3వ శతాబ్దం. అశ్వమేధం చేశానని చెప్పుకున్న వైదికుడు. ఆయన తోబుట్టువు చాంతిశ్రీ అక్కడి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇల్లు. అన్నాచెల్లెళ్ళో అక్కాతమ్ముళ్ళో, ఒకరు యజ్ఞశాలలో పొగ మింగుతుంటే ఇంకొకరు భిక్షువులకి స్తంభాలు ఎత్తిస్తున్నారు. తర్వాతి రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త కూతుళ్ళనే చేసుకున్నాడు, బాపిసిరి, ఛఠిసిరి అని శాసనాల్లో పేర్లున్నాయి. మేనరికం అప్పటికే ఉందన్నమాట మన దగ్గర, బౌద్ధం వచ్చినా పోయినా అది మాత్రం కదల్లేదు! అక్కడి ఊళ్ళోనే కృష్ణ ఒడ్డున శివుడి గుళ్ళున్నాయి, పిల్లల్ని కాపాడే హారీతి గుడీ ఉంది, సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం సీహళ విహారమూ ఉంది.

ఆడవాళ్ళు కట్టించినవి ఎక్కువ అనేది నాకు బాగా నచ్చే విషయం. రాణులే కాదు, బోధిసిరి అనే ఉపాసిక, అంటే సన్యాసం తీసుకోని బౌద్ధ భక్తురాలు, ఇచ్చిన దానాల చిట్టా ఒక పెద్ద శాసనం. మా ఇంట్లో చూసినా అంతే, గుడికి చందా రాసేది మా ఆవిడ, రసీదు మీద పేరు నాది.

1954 నుంచి 60 దాకా తవ్వకాలు చేసి, డ్యామ్ నీళ్ళలో మునిగే లోపల తొమ్మిది కట్టడాల్ని విప్పి కొండ మీదికి చేర్చి మళ్ళీ పేర్చారు. స్తూపం పునాది పైనుంచి చూస్తే బండిచక్రంలా ఆకులుంటాయి, కొన్నింటికి నడుమ స్వస్తిక. మా అత్తగారు అది చూసి "ఇది మన గడప మీద వేసేదే కదా" అన్నారు.

---

కొలంబో_కబుర్లు · బుధవారం మధ్యాహ్నం 3:45

సీహళ విహారం అనగానే ఆగలేకపోయా. నేను ఉద్యోగం కోసం కొలంబోలో ఉంటున్నా, నాలుగేళ్ళయింది. ఇక్కడ వ్యవహారం మనకి తిరగేసినట్టు ఉంటుంది. బౌద్ధ విహారం లోపలే పక్కన విష్ణువుకి, కతరగమ దేవుడికి, అంటే మన సుబ్రహ్మణ్యస్వామికి దేవాలయాలు ఉంటాయి. మా ఆఫీసులో అమ్మాయి పోయ రోజు, అంటే పౌర్ణమి నాడు, తెల్లచీర కట్టుకుని బుద్ధుడికి తామరపూలు పెట్టి కళ్ళుమూసుకుని కూర్చుంటుంది, ఏమీ కోరుకోదు. లేచి పక్క గదిలో విష్ణువు దగ్గరికి వెళ్ళి పళ్ళపళ్ళెం ఇచ్చి వీసా రావాలి అని గట్టిగా అడుగుతుంది. అదేంటమ్మా అంటే "బుద్ధుణ్ణి అడక్కూడదు కదా, ఆయన ఇవన్నీ వదిలేసి వెళ్ళిపోయాడు, దేవుళ్ళైతే ఇంకా డ్యూటీలో ఉన్నారు" అంది. నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

క్యాండీ పెరహెర అనే ఉత్సవంలో కూడా దంతధాతువు, అంటే బుద్ధుడి పన్ను, ఉన్న పెట్టె మోసే ఏనుగు వెనకాల నాథ, విష్ణు, కతరగమ, పత్తిని అని నాలుగు దేవాలయాల ఊరేగింపులు వస్తాయి. జాఫ్నా రోడ్డులో మురికండి పిళ్ళైయార్ గుడి దగ్గర బస్సు డ్రైవర్ ఎవరైనా సరే ఆపి కొబ్బరికాయ కొట్టాకే కదుల్తాడు. కొబ్బరి చిప్పలు ఏరుకునే పిల్లలు మన దగ్గరలాగే ఉంటారు.

---

ఖమ్మం_మిర్చి · బుధవారం సాయంత్రం 5:30

"ఇంకా డ్యూటీలో ఉన్నారు" 👏 ఇది మా ఆఫీసు గోడకి రాయాలె.

---

సత్తెనపల్లి_శిరీష · బుధవారం రాత్రి 9:12

అమ్మో ఇన్ని వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. నోట్‌బుక్ గారి పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను.

ఒక డౌటు. అమరావతి మ్యూజియంలో పలకల మీద అయిదు పడగల పాములు చూశాం, స్తూపానికి చుట్టుకుని ఉన్నట్టు. మనం నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కదా, పుట్ట కూడా స్తూపం లాగే ఉంటుంది. సంబంధం ఉందా? అలాగే పలకల మీద పూర్ణకుంభం ఉంది, తామరపూలతో. మన ఇంట్లో కలశం అదేనా?

---

రాళ్ళ_రామచిలక · బుధవారం రాత్రి 10:26

కుంభం సంగతి తేలిక. ఆ పూర్ణఘటం అమరావతి శిల్పుల ముద్రే, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నంలో ఉన్నది అదే. మనం తామరల బదులు మామిడాకులు పెట్టి పైన కొబ్బరికాయ పెట్టుకుంటున్నాం. నిండిన కుండ అంటే మంచిది అనే భావం మాత్రం ఏ మతం సొత్తూ కాదు, నీళ్ళు మోసుకొచ్చే ఆడదానికి తెలిసిన మంచి అది.

పాము సంగతి నాకు చాలా ఇష్టం. అమరావతి పలకల మీద దొరికిన అతి పాత తెలుగు మాట "నాగబు". వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారు. అంటే మనకి తెలిసినంతలో తెలుగు మాట తొలినాళ్ళలో రాతి మీద కనపడిందే బౌద్ధుల స్తూపం దగ్గర, అదీ పాము పేరుతో. నాగుల్ని కొలవడం బౌద్ధానికీ వైదికానికీ ఇద్దరికీ ముందుదే అని నా నమ్మకం. స్తూపం కట్టేవాళ్ళు ఊళ్ళో ఉన్న పాముని తెచ్చి చెక్కుకున్నారు, తర్వాత గుడివాళ్ళూ అదే చేశారు. మధ్యలో మతాలు మారాయి, చవితి నాడు పుట్ట దగ్గర చలిమిడి పెట్టేవాళ్ళు మారలేదు.

మద్రాసు వెళ్తే ఎగ్మోర్‌లో నలగిరి పలక తప్పక చూడండి. గుండ్రటి పలక, ఒకవైపు మదమెక్కిన ఏనుగు మనిషిని కాలు పట్టి గిరాటేస్తోంది, జనం చెల్లాచెదురు. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద. నేను అరగంట చూసింది మాత్రం పైన మేడ కిటికీల్లోంచి తొంగి చూస్తున్న ఆడవాళ్ళని. ఒకామె మీద ఒకామె వాలి, చేతుల నిండా గాజులు, అచ్చం కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభలు వస్తుంటే మేడలెక్కి చూసే మా ఊరి వాళ్ళే.

---

ధరణికోట_ధనుంజయ్ · గురువారం ఉదయం 8:05

లేటుగా వచ్చా, మాది అమరావతి పక్కనే ధరణికోట. పాత ధాన్యకటకం అంటే మేమే. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ దీక్షా ఉత్సవం చేసినప్పుడు నేను ఇంటర్. టిబెటన్ల నమ్మకం ప్రకారం బుద్ధుడు కాలచక్రం మొదట బోధించింది ఇక్కడేనట, ధాన్యకటకంలో, మాకే తెలీదు ఆ సంగతి. ఊరినిండా ఎర్రబట్టల వాళ్ళు. మా ఇంట్లో ముందుగది ఒక ముసలి జంటకి ఇచ్చాం. వాళ్ళకి తెలుగు రాదు, మాకు వాళ్ళ భాష రాదు. ఆ ముసలావిడ రోజూ పొద్దున్నే లేచి స్తూపం చుట్టూ సాష్టాంగాలు పెట్టుకుంటూ తిరిగేది, మోచేతులు కొట్టుకుపోయి ఉండేవి. మా నాయనమ్మ పసుపూ కొబ్బరినూనె కలిపి రాసింది. వెళ్ళేటప్పుడు ఆవిడ మా నాయనమ్మ మెళ్ళో తెల్ల పట్టుగుడ్డ లాంటిది వేసింది. నాయనమ్మ దాన్ని అమరేశ్వరుడి పటానికి కట్టింది. ఇప్పటికీ ఉంది, పచ్చబడిపోయింది.

దీపాల సంగతి. మా వాడలో అందరూ పెట్టేవాళ్ళు అని నేను ఎప్పుడూ వినలేదు అక్కా, మీ పెద్దవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. ఇప్పుడైతే కంచె, టిక్కెట్టు ఉన్నాయి.

---

సత్తెనపల్లి_శిరీష · గురువారం రాత్రి 8:50

ధనుంజయ్ తమ్ముడు చెప్పాడని ఇవాళ మా పెద్దమ్మకి ఫోన్ చేశా. ఎనభై దాటాయి ఆవిడకి, చెవులు సరిగా వినపడవు, మూడుసార్లు అరిచి అడిగా. చెప్పింది విని నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఆ రోజుల్లో మా అమ్మమ్మ వాళ్ళు గుడి నుంచి బండి ఆపిన చోటికి ఆ దిబ్బ పక్కనుంచే నడిచేవాళ్ళంట. కార్తీక దీపం ఒకటి ఎప్పుడూ చేతిలో మిగిలేదంట, ఎందుకంటే అమ్మమ్మ ఇంట్లో మనుషుల లెక్కన వత్తులు చేసుకుని తెచ్చేది, చిన్నప్పుడే పోయిన మా మేనమామ పేరున కూడా ఒకటి చేసేది. గుళ్ళో పెడితే ఎవరిది అని అడుగుతారని అక్కడ పెట్టేది కాదంట. ఇంటికి తిరిగి తీసుకెళ్ళకూడదు. దారిలో నది గాలి తగలకుండా దీపం నిలిచే చోటు ఆ ఇటుకల వార ఒక్కటే.

"బుద్ధుడా? ఎవరే?" అంది పెద్దమ్మ. "అక్కడ గాలి కొట్టదు, అంతే."

---

రాళ్ళ_రామచిలక · గురువారం రాత్రి 9:31

శిరీష గారూ. పోయినవాళ్ళ గుర్తుగా కట్టేదాన్నే కదండీ స్తూపం అనేది.

---

గుంటూరు_గోంగూర · గురువారం రాత్రి 9:40

టీ చల్లారిపోయింది. నాగార్జునకొండ లాంచీ పొద్దున్నే ఎన్నింటికో ఎవరికైనా తెలుసా, ఆదివారం అమ్మని తీసుకెళ్దామని.

---

ఖమ్మం_మిర్చి · గురువారం రాత్రి 9:52

విజయపురి సౌత్ కాడ లాంచీ స్టేషన్‌ల అడుగు అన్నా, జనం నిండితేనే కదుల్తది. శుక్రవారం మ్యూజియం బంద్ ఉంటది, ఆదివారం అయితే ఫికర్ లేదు. అమ్మకి టోపీ పెట్టు, కొండ మీద నీడ తక్కువ.